కెనడాలో కొండాపూర్ టెంట్ హౌస్

టెంట్ హౌస్ సేటు మా ఆఫీసు మెట్లెక్కి వచ్చి, తన దుకాణం కెనడాకు ఎప్పుడు పోయిందని అడిగిన ఉదయం నాకు బాగా గుర్తుంది. ఆయన కోపంగా లేడు. నిజంగానే తెలుసుకుందామని వచ్చాడు.

అప్పటికి హైటెక్ సిటీ మొదటి భవనం లేచి ఎంతో కాలం కాలేదు. అక్కడి నుంచి కొండాపూర్ దాకా బండలు, సీతాఫలం పొదలు, ప్రహరీ కట్టి వదిలేసిన ప్లాట్లు. ఎవరో ఒకరు ఏదో ఒక మూల శంకుస్థాపన చేస్తూనే ఉండేవారు. శంకుస్థాపన అంటే షామియానా, షామియానా అంటే సేటు. ఆయన కొండాపూర్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. పొలంలో రోడ్డుకు పోగా మిగిలిన జాగాలో రేకుల గోడౌన్ వేసి, టెంట్లు, కుర్చీలు, జంపఖానాలు, వంటపాత్రలు, ఒక పెద్ద జనరేటర్ కిరాయికి ఇచ్చేవాడు. ఊరంతా సేటు అనేది. నేను మా వైపు అలవాటు వదలక సేటుగారూ అనేదాన్ని.

నాది కాకినాడ. ఎంసీఏ పూర్తి చేసి, శేరిలింగంపల్లిలో ఓ గది కిరాయికి తీసుకుని, వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీలో చేరాను. కంపెనీ అంటే మా బాసు, నేను, రెండు కంప్యూటర్లు, కింద టిఫిన్ సెంటర్ నుంచి రోజంతా పైకెక్కే పోపు ఘాటు. బాసుది తణుకు. బ్యాంకు ఉద్యోగం వదులుకుని వచ్చాడు. భూమ్మీద ప్రతి దుకాణానికీ వెబ్‌సైట్ ఉండి తీరాలని ఆయన నమ్మకం. పక్కింటివాళ్ళను గుడికి రమ్మని పిలిచేవాళ్ళు కొందరుంటారే, ఆ ఓపికతో సేటు చుట్టూ తిరిగి ఒప్పించాడు. బొంబాయి, బెంగళూరు కంపెనీలు ఇక్కడ కాలు పెట్టకముందే ఇంటర్నెట్‌లో చూసి టెంటు మాట్లాడుకుంటాయని చెప్పాడు. సేటు నమ్మాడు. అప్పట్లో ఆ రోడ్డు మీద ఏం చెప్పినా నమ్మే వాతావరణం ఉండేది.

సైటు నేనే తయారుచేశాను. ఎర్ర పసుపు చారల షామియానా ఫొటో, పెళ్ళికొడుకు పెళ్ళికూతుళ్ళు కూర్చునే సింహాసనాల ఫొటో, ఫోన్ నంబరు, రెండు పక్కలా మిణుకుమనే దీపాలు. ఆ పేజీలను కెనడాలో ఉన్న ఒక సర్వర్‌లో పెట్టాం. సర్వర్ అంటే వెబ్‌సైట్ కాపురముండే కంప్యూటర్. మన దేశంలో అలాంటి కంప్యూటర్లను నడిపేవాళ్ళు తక్కువ, నడిపినా ఎప్పుడు ఆగుతుందో తెలిసేది కాదు. అందుకని అందరూ పరాయి దేశాల్లోనే పెట్టేవారు. ఎక్కడ పెడితే ఏమిటి, ఎక్కడినుంచైనా కనిపిస్తుంది కదా అనుకున్నాం.

సేటు కూకట్‌పల్లి వెళ్ళి ఇంటర్నెట్ సెంటర్‌లో తన సైటును వెతికించుకున్నాడు. అప్పట్లో బాగా వాడుకలో ఉన్న ఒక సెర్చ్ సైటులో దేశాల మీటలు ఉండేవి. ఇండియా మీట నొక్కితే ఇండియా సైట్లు మాత్రమే వస్తాయి. సెంటర్ వాళ్ళు ఇండియా మీట నొక్కి టెంట్ హౌస్ అని కొట్టారు. డెహ్రాడూన్‌లో కొండలెక్కేవాళ్ళ గుడారాలు వచ్చాయి, కలకత్తాలో గొడుగుల కంపెనీ ఒకటి వచ్చింది, సేటు రాలేదు. ఒక్కో దేశం మీటా నొక్కుకుంటూ పోయారు. కెనడా దగ్గర అందరికంటే పైన సేటు ఉన్నాడు.

"మేడం, మనం పుట్టింది గీడ, దుకాణం గీడ. కెనడ ఏంది?" అన్నాడు.

నేను కూడా నొక్కి చూశాను. ఆయన చెప్పింది నిజమే. ఆ సెర్చ్ సైటు వాళ్ళకు ఈమెయిల్ రాస్తే కొన్నాళ్ళకు మర్యాదగా జవాబు వచ్చింది. సైటు పేరు చివర దేశం గుర్తు ఉంటే దాన్నిబట్టి దేశం నిర్ణయిస్తారట. మాది డాట్ కామ్ కనుక, ఆ పేజీలున్న కంప్యూటర్ ఏ దేశంలో ఉంటే సైటు ఆ దేశానిదే. పేజీలో కొండాపూర్, హైదరాబాద్ అని ఎన్నిసార్లు రాసినా వాళ్ళ యంత్రం చదవదు.

సేటుకు ఇదంతా విడమరచి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, ఓటరు లిస్టులో పేరు తప్పు పడినట్టన్నమాట, తహసీల్ ఆఫీసులో ఎవరినైనా పట్టుకుంటే సరిచేస్తారా అని అడిగాడు. మా బాసు అలాంటి ఆఫీసు ఇంటర్నెట్‌కు లేదన్నాడు. లేకపోవడం ఎట్లా కుదురుతుందని సేటు చాలాసేపు తల ఊపుతూ కూర్చున్నాడు.

ఈలోగా కెనడా నుంచి ఈమెయిళ్ళు మొదలయ్యాయి. అక్కడివాళ్ళు కెనడా మీట నొక్కి టెంటు కోసం వెతికితే మొదట కనిపించేది సేటే మరి. ఒకాయన చెరువు ఒడ్డున చేపలు పట్టుకోవడానికి ఇద్దరు పట్టే టెంటు కావాలన్నాడు. సేటు దగ్గర అన్నిటికంటే చిన్నది రెండు వందల మంది పట్టేది. అదే రాయమన్నాడు. రాశాను. ఇంకొకావిడ టెంటు మంచుకు ఆగుతుందా అని అడిగింది. సేటు కుర్చీ దగ్గరకు లాక్కుని, మంచు ఎంత మందం పడుతుందో, ఒకేసారి పడుతుందో వానలాగా ఆగి ఆగి పడుతుందో కనుక్కోమన్నాడు. ఆవిడ మోకాలి లోతు అని జవాబు రాసింది. సేటు ఒక పూటంతా ఆలోచించి, అడుగడుగునా ఒక వెదురు పాతితే ఆగుతుందని, అయితే మనుషులు కూర్చోవడానికి జాగా ఉండదని రాయమన్నాడు. ఆవిడ మళ్ళీ రాయలేదు. సేటు కొన్నాళ్ళు ఎదురుచూశాడు.

ఆఖరికి అక్కడ స్థిరపడ్డ ఒక పంజాబీ కుటుంబం రాసింది. అమ్మాయి పెళ్ళికి షామియానా కావాలి, మీ మనుషులు ఉదయం ఎన్ని గంటలకు రాగలరు అని. మన ఊరేదో చెప్పి క్షమించమందామని నేనంటే సేటు ఒప్పుకోలేదు. ఆడపిల్ల పెళ్ళికి లేదన్న మాట చెప్పకూడదన్నాడు. షామియానా గుడ్డ ఓడలో పంపిస్తామని, కర్రలు అక్కడ అడవులున్నాయి కనుక అక్కడే కొట్టుకోవచ్చని, ముడులు వేసే పద్ధతి ఈమెయిల్‌లో చెబుతామని రాయించాడు. ముడుల బొమ్మలు నేనే గీశాను. అక్కడ చెట్లు కొట్టనివ్వరని వాళ్ళు జవాబిచ్చారు. పెళ్ళి హాలులో జరిగింది. పెళ్ళి ఫొటో పంపితే సేటు గోడౌన్‌లో గోడకు అంటించుకున్నాడు.

ఇన్ని జరిగినా ఇండియా నుంచి ఒక్క ఈమెయిల్ లేదు. మియాపూర్‌లో ఇంకో టెంట్ హౌస్ ఆయన, కెనడా సేటు బాగున్నాడా అని పెళ్ళిళ్ళలో అడగడం మొదలుపెట్టాడు. సేటుకు అది గుచ్చుకుంది. దుకాణాన్ని ఇంటికి తీసుకురమ్మని మాకు చెప్పేశాడు.

దారులు రెండే. పేరు చివర ఇండియా గుర్తు తెచ్చుకోవడం మొదటిది. దానికి రిజిస్టరయిన కంపెనీ అయి ఉండాలన్నారు. సేటుది కంపెనీ కాదు, రేకుల షెడ్డు. రెండోది, కంప్యూటర్‌నే ఇండియాలో పెట్టడం. మా బాసు రెండో దారి పట్టాడు. సేటు గోడౌన్‌ను ఆనుకున్న భవనంలో బయటి రాష్ట్రపు సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకటి కిరాయికి ఉండేది. వాళ్ళకు ఎప్పుడూ తెగని సొంత ఇంటర్నెట్ లైను ఉంది. వాళ్ళ ఫంక్షన్లకు సేటు కుర్చీలు ఇచ్చేవాడు. ఆ స్నేహం మీద అక్కడి మేనేజరు ప్రహరీ మీదుగా ఒక వైరు లాక్కోనిచ్చాడు. ఆయన ఆ తరువాత కొద్ది రోజులకే ఉద్యోగం మారి పుణె వెళ్ళిపోయాడు.

వైరుకు సేటు మనుషులు టెంటు కర్రలు పాతి, రెండు చోట్ల పెళ్ళి తోరణం కట్టినట్టే కట్టారు. గోడౌన్‌లో గంగాళాలు, అన్నం డేగీలు పక్కకు జరిపి, పెళ్ళి సింహాసనాల్లో ఒకదాని మీద కంప్యూటర్‌ను పెట్టారు. మామూలు బల్ల చాలన్నాను. కెనడా నుంచి వస్తున్న దాన్ని నేల దగ్గర కూర్చోబెడతామా అన్నాడు సేటు. కంప్యూటర్‌ను కొన్నది సికింద్రాబాద్‌లో అని నాకు చెప్పబుద్ధి కాలేదు. కరెంటు పోతే నడపడానికి జనరేటర్ నుంచి తీగ లాగారు. ఆ వేసవిలో కరెంటు పోని పూట లేదు. లోపలున్న పేజీలను చూసేవాడు లోకంలో ఒక్కడు లేకపోయినా, కరెంటు పోగానే ఆ జనరేటర్ వీధి దద్దరిల్లేలా మోగుతూ వాటిని కాపాడేది.

వారాలు గడిచాక సెర్చ్ సైటు మమ్మల్ని గుర్తించింది. ఇండియా మీట నొక్కి టెంట్ హౌస్ అని కొడితే డెహ్రాడూన్ గుడారాల పైన సేటు! ఆయన ఆఫీసుకు లడ్డూలు పంపించాడు. అదే వారం కెనడా ఈమెయిళ్ళు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయాయి. ఒకసారి సేటు నన్ను మెల్లగా అడిగాడు, మంచు సంగతి అడిగినావిడ మళ్ళీ ఏమైనా రాసిందా అని.

ఇండియా నుంచి మొదటి ఈమెయిల్ రావడానికి ఇంకో నెల పట్టింది. ఇంగ్లీషులో పద్ధతిగా ఇలా రాసి ఉంది: మా కంపెనీ సొంత భవనానికి శంకుస్థాపన చేయబోతోంది, ఇంటర్నెట్‌లో ఇండియా మొత్తం వెతికి మిమ్మల్ని కనుగొన్నాం, మీరు కొండాపూర్ ప్రాంతానికి వచ్చి పని చేయగలరా? కింద చిరునామా చూశాను. సేటు గోడ పక్క కంపెనీ. పుణె వెళ్ళిపోయినాయన స్థానంలో బొంబాయి నుంచి వచ్చిన కొత్త మేనేజరు రాశాడు. తన కిటికీ ముందు నుంచి పోయే వైరు ఎవరిదో ఆయనకు తెలియదు.

సంతోషంగా పరిగెత్తి వెళ్ళి సేటుకు చెప్పాను. గోడ అవతలే ఉన్నారు, వెళ్ళి మాట్లాడి రండి అన్నాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"నెట్‌ల అడిగిండు మేడం. నెట్‌లనే చెప్పాలె. గోడ దుంకి పోతే మన ఇజ్జత్ ఏముంటది?"

అలా గోడకు ఇవతలి నుంచి అవతలికి ఉత్తరప్రత్యుత్తరాలు మొదలయ్యాయి. సేటు చెప్పేవాడు, నేను ఇంగ్లీషులోకి మార్చి పంపేదాన్ని. సైటు కొండాపూర్ వచ్చిందే కానీ, ఈమెయిల్ పెట్టె ఇంకా కెనడాలోనే ఉంది. కనుక మేనేజరు రాసింది సముద్రాలు దాటి, కెనడా చేరి, తిరిగి మా ఆఫీసుకు వచ్చేది. ఎన్ని కుర్చీలో తేలడానికి రోజులు పట్టింది. ఒక మధ్యాహ్నం నేను గోడౌన్‌లో ఉండగా, భోజనాల టెంటు వేరేగా ఉండాలా అన్న మా ప్రశ్న మేనేజరుకు చేరినట్టుంది. వేరేగానే ఉండాలని పక్కన ఎవరితోనో గట్టిగా అనడం గోడ మీదుగా స్పష్టంగా వినిపించింది. సేటు విననట్టే ఉన్నాడు. మర్నాడు ఆ జవాబు ఈమెయిల్‌లో వచ్చాక, టెంటు వేరేగా కావాలంటున్నరట అని తన మనుషులకు చెప్పాడు.

శంకుస్థాపన స్థలం గచ్చిబౌలి వైపు, బండల మధ్య. చుట్టుపక్కల కరెంటు స్తంభం లేదు. రోడ్డు మీద మాత్రం ఒక ఎస్టీడీ బూత్ ఉంది. మేనేజరుకు ఒక ఆలోచన వచ్చింది. ఇండియా అంతా వెతికి ఈ టెంటును ఇంటర్నెట్‌లోనే పట్టుకున్నామని ఆయన పెద్దవాళ్ళందరికీ తెర మీద చూపించాలనుకున్నాడు. బూత్ నుంచి ఫోన్ తీగ టెంటులోకి లాగించి, కంపెనీ ల్యాప్‌టాప్, తెర మీద బొమ్మ వేసే ప్రొజెక్టర్ సిద్ధం చేశాడు. సైటు చూసుకోవడానికి నన్నూ మా బాసునూ రమ్మన్నారు. ముందురోజు చూస్తే అంతా బ్రహ్మాండంగా ఉంది.

ఆ ఉదయం టెంటు కళకళలాడింది. పంతులుగారు మైకులో మంత్రాలు చదివారు. ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. ఒక పెద్ద అధికారి ముఖ్య అతిథి, ఆయన వెనక బ్యాంకువాళ్ళు, కాంట్రాక్టర్లు, పొలాలు అమ్మిన రైతులు. సేటు ఇస్త్రీ చొక్కాలో మొదటి వరుస చివర నిలబడ్డాడు. మేనేజరు మైకు అందుకుని, కాలం మారిందని, ఇప్పుడు మీరు కూర్చున్న టెంటు కూడా ఇంటర్నెట్ నుంచి వచ్చిందని చెప్పి, మీట నొక్కాడు. సైటు రాలేదు. మళ్ళీ నొక్కాడు. పేజీ దొరకడం లేదని తెర మీద పెద్ద అక్షరాలతో వచ్చింది.

నేను బూత్‌కు పరిగెత్తి, అక్కడున్న రెండో ఫోన్ నుంచి గోడౌన్‌కు చేశాను. అక్కడ కరెంటు పోయి చాలాసేపయిందని కాపలా మనిషి చెప్పాడు. జనరేటర్ వేయమన్నాను. జనరేటర్ ఎక్కడిదమ్మా, అది టెంటు వెనకాల పెట్టుకున్నారు కదా అన్నాడు. నిజమే. ఇందాకటి నుంచి నా చెవుల్లో మోగుతున్నది అదే.

వచ్చి సేటు చెవిలో చెప్పాను. మన టెంటు నడుస్తున్నంతసేపూ మన సైటు నడవదండీ అన్నాను. ఆయన ఒక్క క్షణం ఫ్యాన్ల వంక చూశాడు, మేనేజరు ముఖంలోకి చూశాడు. పాపం ఆ మనిషి చెమటలు తుడుచుకుంటూ నొక్కుతూనే ఉన్నాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్, జర సేపట్ల వస్తది," అని వరుసలోంచే చెప్పి సేటు వెనక్కి నడిచాడు.

మా బాసుకు విషయం అర్థమై అడ్డుపడేలోపే తీగలు పీకేశారు. మైకు మూగబోయింది. ఫ్యాన్లు నెమ్మదించి ఆగాయి. సేటు మనుషులు జనరేటర్‌ను ట్రాలీ ఆటోలోకి ఎక్కించారు. ముఖ్య అతిథి సహా అందరూ వెనక్కి తిరిగి, తమ కరెంటు దుమ్ము రేపుకుంటూ కొండాపూర్ వైపు వెళ్ళిపోవడం చూశారు. ఇంటర్నెట్ ఇలాగే పని చేస్తుందేమో అనుకుని ఉంటారు.

ఎండ ఎక్కుతోంది. పంతులుగారు ఖాళీగా ఉండడమెందుకని ఇంకో స్తోత్రం అందుకున్నారు. చివరికి ల్యాప్‌టాప్‌లో ఎర్ర పసుపు షామియానా పై నుంచి కిందికి గీత గీతగా దిగింది. గోడౌన్‌లో కంప్యూటర్ లేచిందన్నమాట. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది కనుక ఇబ్బంది లేదు. కానీ ప్రొజెక్టర్‌కు కరెంటు కావాలి. అది కొండాపూర్ వెళ్ళిపోయింది. వెనక్కి తెప్పిస్తే సైటు పోతుంది.

మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు మా బాసు, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, ల్యాప్‌టాప్‌ను కుంకుమ పళ్ళెం పక్కన బల్ల మీద పెట్టి, రండి, ఒక్కొక్కరే వచ్చి చూడండి అని పిలిచాడు. ముఖ్య అతిథి లేచాడు. ఆయన లేస్తే బ్యాంకువాళ్ళు లేచారు. క్షణాల్లో దర్శనం క్యూ తయారైంది. నేను పక్కన నిలబడి జరగండి, వెనకాలవాళ్ళు చూడాలి అంటున్నాను. చెప్పులు విడవమని ఎవరూ అనలేదు. అయినా సగం మంది విడిచే వచ్చారు. పంతులుగారు నాలుగు అక్షింతలు వేశారు, అవి మీటల సందుల్లోకి దూరాయి. ముసలి కాంట్రాక్టర్ ఒకాయన తెర మీదికి వంగి ఇదేమిటని అడిగాడు. మన టెంటే అన్నాడు సేటు. ఆయన తలెత్తి పైన టెంటును చూశాడు, మళ్ళీ వంగి తెరను చూశాడు, అచ్చం అట్లనే ఉన్నది అని మెచ్చుకుని, జేబులోంచి కలం తీసి ఫోన్ నంబరు చేతి మీద రాసుకున్నాడు. ఆయనను చూసి వెనకవాళ్ళూ రాసుకున్నారు. ఆ నంబరే వాళ్ళ తలల మీద టెంటు అంచున గజమెత్తు అక్షరాలతో ఉంది. దాన్ని ఎవరూ రాసుకోలేదు.

నాకు ఆ రోజు నవ్వు రాలేదు. క్యూలో ఒక్కొక్క మనిషి నా పేజీని చూసి తల పంకించి వెళ్తుంటే లోలోపల లెక్కపెట్టుకున్నాను. నేను చేసిన పనిని అంతమంది చూడడం అదే మొదలు. భోజనాల వేళకు బ్యాటరీ అయిపోయింది.

ఆ నెలలో సేటుకు తీరిక లేదు. వచ్చిన పనులన్నీ ఆ క్యూలో నిలబడ్డవాళ్ళవే. మీరు ఇంటర్నెట్ టెంటు కదా అని అడిగి మరీ మాట్లాడుకున్నారు. వాళ్ళలో ఇంటర్నెట్ తెరిచినవాళ్ళు ఒక్కరూ లేరు. సేటు కంప్యూటర్ కోసమే ఇంకో చిన్న జనరేటర్ కొన్నాడు. దాన్ని పెళ్ళిళ్ళకు ఇచ్చేవాడు కాదు. గోడ అవతలి మేనేజరు ధన్యవాదాలు ఈమెయిల్ చేశాడు. చివరికి ఒకరోజు ఇద్దరూ రోడ్డు మీద పాన్ డబ్బా దగ్గర ఎదురుపడితే, సేటు నమస్కారం పెట్టి, మీ ఈమెయిల్ అందిందని చెప్పాడట.

తరువాతి ఏడాది ఆ సెర్చ్ సైటు దేశాల మీటలు తీసేసింది. ఎందుకో వాళ్ళు చెప్పలేదు. ఇక కంప్యూటర్ ఏ దేశంలో ఉన్నా ఒకటే. పక్క కంపెనీ కూడా కొత్త భవనానికి వెళ్ళబోతోంది, వాళ్ళతోపాటు లైనూ పోతుంది. సైటును మళ్ళీ బయటి దేశానికి మార్చాలని చెప్పడానికి నేనూ మా బాసూ గోడౌన్‌కు వెళ్ళాం. సేటు ఎక్కువ బాధపడలేదు. ఈసారి ఏ ఊరికని మాత్రం అడిగాడు. అమెరికాలో ఏదో ఊరండీ, పేరు సరిగా తెలియదు అన్నాను.

"ఆడ మనోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

ఉండే ఉంటారని చెప్పాను. సరే పోనీయమన్నాడు. సింహాసనం ఆ సాయంత్రం ఒక పెళ్ళికి పోవాల్సి ఉండడంతో, కంప్యూటర్‌ను దింపడానికి ఆయన కూడా ఒక చెయ్యి వేశాడు. దుమ్ము దులిపి, సింహాసనం ఎర్ర గుడ్డ మీద దాని నాలుగు కాళ్ళ గుర్తులు పడితే అరచేత్తో రుద్ది చూశాడు. గుర్తులు పోలేదు. పెళ్ళికొడుకు కూర్చుంటే కనపడవు లెమ్మని తన మనిషితో అని, లారీ ఎక్కించమన్నాడు.